నది దాకానే చెల్లే కార్డు

కీమో జరుగుతున్నన్నాళ్ళూ మా ఆయన ఫ్రిజ్ తలుపు ముట్టుకుంటే షాకు కొట్టినట్టు చెయ్యి వెనక్కి లాక్కునేవారు. పెద్దపేగు క్యాన్సర్‌కి ఇచ్చే ఆక్సాలిప్లాటిన్ మందు నరాల మీద చూపించే ప్రతాపం అది. కీమో అయిపోయాక చేతులు బాగుపడ్డాయి, పాదాలు పడలేదు. పగలు అరికాళ్ళ కింద దూది పరిచినట్టు మొద్దుబారి ఉండేవి. రాత్రయితే నిప్పుల మీద నడిచినట్టు మండేవి. గాబాపెంటిన్ వేసుకుంటే మత్తుగా ఉండేది, మంట మాత్రం అలాగే ఉండేది. తెల్లవారుజామున రెండింటికి బాత్‌టబ్ అంచు మీద కూర్చుని కాళ్ళ మీద నీళ్ళు పోసుకుంటున్న మనిషిని చూస్తూ ఎన్నాళ్ళు ఉండగలను?

2022 శీతాకాలంలో క్యాన్సర్ డాక్టరుగారే అన్నారు: "మెడికల్ మారిజువానా కార్డు తీసుకుని చూడండి. దానికి కావలసిన సర్టిఫికెట్ నేను ఇవ్వను గానీ, మీరు వాడితే నాకు అభ్యంతరం లేదు." కారెక్కాక ఈయన "గంజాయా?" అన్నారు. ఇల్లు చేరేదాకా మళ్ళీ మాట్లాడలేదు. తెనాలిలో పెరిగిన మాకు ఆ మాట వింటే ఏజెన్సీ నుంచి వస్తున్న లారీలు, పోలీసులు పట్టుకున్న బస్తాలే కళ్ళకు కడతాయి.

మేముండేది పెన్సిల్వేనియాలో, ఫిలడెల్ఫియాకి పడమరగా ఎక్స్‌టన్‌లో. సంగతి విన్న ఒక స్నేహితురాలు, "నది దాటితే న్యూజెర్సీలో 21 ఏళ్ళు నిండిన ఎవరికైనా అమ్ముతున్నారు. ఈ తిరుగుడంతా ఎందుకు వదినా?" అంది. నిజమే, ఆ ఏడాది ఏప్రిల్ 21 నుంచి అక్కడ అందరికీ అమ్ముతున్నారు. అయితే కొన్నది డెలావేర్ నది మీద వంతెన దాటించి తెస్తే, రాష్ట్రాల సరిహద్దు దాటించిన కేంద్ర నేరమవుతుంది. పెన్సిల్వేనియా చట్టం కూడా తన లైసెన్సున్న డిస్పెన్సరీలో కార్డు మీద కొన్నదాన్నే ఒప్పుకుంటుంది. జబ్బుమనిషిని వెంటబెట్టుకుని అలాంటి పని చెయ్యడానికి నాకు మనసు రాలేదు.

ఇక్కడ వైద్యానికి గంజాయి వాడుకునే చట్టం 2016 ఏప్రిల్‌లో వచ్చింది, అమ్మకాలు 2018 ఫిబ్రవరిలో మొదలయ్యాయి. క్యాన్సర్, నరాల జబ్బులు, తగ్గని తీవ్రమైన నొప్పి, మూర్ఛ, పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లెరోసిస్ లాంటివి జాబితాలో ఉన్నాయి. ఆందోళన జబ్బును 2019లో చేర్చారు. జాబితాలో లేని జబ్బుకు కార్డు రాదు. రాష్ట్రంలో నివాసం లేనివాళ్ళకూ రాదు. కాబట్టి విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నల మోకాళ్ళ నొప్పులకు ఈ దారి లేదు.

ముందు ఆరోగ్య శాఖ వెబ్‌సైటులో రోగి పేరు నమోదు చేసుకోవాలి. పేరు, చిరునామా డ్రైవింగ్ లైసెన్సు మీద ఎలా ఉన్నాయో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి. మేమిక్కడే రెండు వారాలు పోగొట్టుకున్నాం. ఇల్లు మారి ఏడాదైనా లైసెన్సు మీద పాత చిరునామాయే ఉండిపోయింది. మన ఇంటిపేర్లతో ఇంకో చిక్కు. ఒక కాగితంలో మొదట, ఇంకో కాగితంలో చివర, మరోచోట ఒట్టి పొడి అక్షరం. నమోదుకు ముందే అన్నీ సరిచూసుకోండి.

తరువాత రాష్ట్రం దగ్గర నమోదైన డాక్టర్ని చూడాలి. ఆ పేర్లు ఆరోగ్య శాఖ జాబితాలో దొరుకుతాయి. మేం బయాప్సీ రిపోర్టు, కీమో వివరాలు, వాడుతున్న మందుల చీటీ పట్టుకెళ్ళాం. ఆయన నలభై నిమిషాలు మాట్లాడి, 150 డాలర్లు తీసుకుని సర్టిఫికెట్ ఇచ్చారు. అది మందుల చీటీ కాదని అక్కడే తెలిసింది. 1970 నాటి కేంద్ర చట్టం గంజాయిని హెరాయిన్‌తో పాటు షెడ్యూల్ 1లో పెట్టింది. అందువల్ల డాక్టరు దాన్ని మందుగా రాయలేరు, ఈ రోగికి ఈ జబ్బు ఉందని ధ్రువీకరిస్తారంతే. మామూలు మందుల షాపులో అది దొరకదు, ఇన్సూరెన్సు పైసా కట్టదు. సర్టిఫికెట్ ఆన్‌లైన్‌లో చేరాక రాష్ట్రానికి 50 డాలర్లు కట్టాం, కార్డు పోస్టులో వచ్చింది. ఏడాదికోసారి ఇదంతా మళ్ళీ చెయ్యాలి.

రోగి తరఫున వెళ్ళి కొని తేవడానికి కేర్‌గివర్‌ని పెట్టుకోవచ్చు. అదెటూ నేనే అనుకున్నాను. ఈయన అమెరికా పౌరుడు. నేను మాత్రం ఇండియా పాస్‌పోర్టు వదల్లేక ఇన్నేళ్ళూ గ్రీన్ కార్డు మీదే ఉండిపోయి, ఆ ఏడాదే పౌరసత్వానికి దరఖాస్తు పెట్టాను. మా ఇమిగ్రేషన్ లాయరు విని, "మీరు పేరు నమోదు చేయించుకోవద్దు. ఆ సీసా ముట్టుకోవద్దు," అంది. రాష్ట్రం ఒప్పుకున్న గంజాయి అయినా కేంద్ర చట్టం ప్రకారం నేరమే కాబట్టి అది పౌరసత్వానికి కావలసిన సత్ప్రవర్తనకు అడ్డు రావచ్చని ఇమిగ్రేషన్ శాఖ 2019 ఏప్రిల్‌లో స్పష్టంగా రాసి పెట్టింది. కేసు, శిక్ష అక్కర్లేదు, అధికారి ముందు ఒప్పుకున్నా చాలు. హెచ్1బీ మీద, గ్రీన్ కార్డు మీద ఉన్న మన పిల్లలు ఎందరో! రోగి వాళ్ళే అయితే కార్డుకు ముందు లాయర్ని కలవాలి. ఈ ఒక్క ముక్క చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఇక్కడే పుట్టిన మా అబ్బాయి కేర్‌గివర్ అయ్యాడు. వాడికి నేర చరిత్ర లేదని పరిశీలించి కార్డు ఇచ్చారు. తాళం పడే చిన్న పెట్టె కొన్నాడు. తాళంచెవి తండ్రీకొడుకుల దగ్గరే. ముప్పై ఏళ్ళుగా ఆయనకు జ్వరం బిళ్ళ దగ్గర్నుంచి కీమో మాత్రల దాకా నా చేత్తోనే ఇచ్చాను. ఈ ఒక్కటే ఇవ్వలేకపోయాను.

డిస్పెన్సరీలోకి కార్డున్నవాళ్ళనే రానిస్తారు. నేను కారులో కూర్చున్నాను. లోపల ఫార్మసిస్టు అడిగిన మొదటి ప్రశ్న, "రక్తం పలచబడే మందేమైనా వాడుతున్నారా?" అనిట. ఈయన వార్ఫరిన్ మీద ఉన్నారు. గంజాయిలోని సీబీడీ దాని ప్రభావాన్ని పెంచగలదు కాబట్టి రక్తపరీక్ష మరింత తరచుగా చేయించుకోమన్నాడు. ఇక్కడ పొగ తాగడానికి చట్టం ఒప్పుకోదు. నాలుక కింద వేసుకునే చుక్కలు, మింగే మందు గొట్టాలు (క్యాప్సూళ్ళు), వేపర్, పూత మందులు ఉంటాయి. మత్తెక్కించే టీహెచ్‌సీ 2.5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టమని చుక్కల సీసా, గొట్టాలు ఇచ్చాడు.

మూడో రాత్రి గొట్టం వేసుకున్నారు. గంట గడిచినా ఏమీ తెలియలేదని ఇంకొకటి వేసుకున్నారు. కడుపులోకి వెళ్ళింది పనిచెయ్యడానికి రెండు గంటలు పట్టవచ్చు. రెండూ కలిసి ఒక్కసారి పట్టుకునేసరికి గుండె దడ, గది తిరిగిపోవడం, చచ్చిపోతున్నానేమో అనే భయం. అబ్బాయి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు, తెల్లారేసరికి తగ్గింది. ఆ తర్వాత చుక్కలే, అదీ పడుకోబోయే ముందు కొలిచి. నాలుగో వారానికి మంట పోలేదు, కానీ వరసగా ఐదు గంటలు పడుకున్నారు. ఆ నిద్ర చూసి నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

నిద్రకు బదులు డ్రైవింగ్ పోయింది. కార్డున్నా సరే, రక్తంలో గంజాయి ఆనవాలుంటే ఇక్కడ మత్తులో బండి నడిపిన (డీయూఐ) కేసే. ఆ ఆనవాలు మత్తు దిగాక కూడా రోజుల తరబడి ఉంటుంది. ఇప్పుడు చాల్ఫాంట్ గుడికైనా, డాక్టరు దగ్గరికైనా స్టీరింగు నాదే.

నిరుడు మేనకోడలి పెళ్ళికి తెనాలి వెళ్ళాం. విమానాశ్రయంలో తనిఖీ కేంద్రానిది, దిగేచోట 1985 నాటి ఇండియా మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్). పెన్సిల్వేనియా కార్డు ఈ రెండుచోట్లా పనికిరాదు. మూడు వారాలకీ గాబాపెంటిన్ సర్దుకుని సీసా పెట్టెలో పెట్టి తాళం వేశారు. బయలుదేరే ముందు సంచులన్నీ దులిపి చూశాం. ఆయన కోటు లోపలి జేబులో ఒక గొట్టం కనబడింది. కోటును కుర్చీ మీద వదిలేసి అబ్బాయికి ఫోను చేశాను. వాడు వచ్చి గొట్టం పెట్టెలో దాచి, జేబు తిరగేసి చూపించాకే ఆ కోటు మడిచి సూట్‌కేసులో పెట్టాను.