పేరు దాచిన ప్రవక్త

కంప్యూటరుపై ఆడు ఆటలు కాలక్షేపమునకే యని పెద్దలు పలువురు తలచుచుందురు. కాని వానిలో కొన్ని పురాణమువలె విస్తారమైన కథను చెప్పును. బ్లిజార్డ్ అను అమెరికా సంస్థ 2002వ సంవత్సరమున వెలువరించిన మూడవ వార్‌క్రాఫ్ట్ అట్టిది. బంగారము త్రవ్వించి, కలప కొట్టించి, సేనలను గూర్చి, యుక్తితో శత్రువును గెలుచుట ఇందలి ఆట. అయితే మేమిచట విచారింపబూనినది యుద్ధమును గూర్చి కాదు; ఆ కథకు నాందిపలుకు కంఠమును గూర్చి.

ఆట ఆరంభముననే యొక వృద్ధుని స్వరము రానున్న వినాశమును సూచించును. ఆర్కులను జాతికి నాయకుడైన థ్రాల్ స్వప్నమునందు ఆ స్వరమును విని మేల్కొనును. అటుపిమ్మట ఆ వృద్ధుడు బొంతకాకి రూపమున ఎగిరివచ్చి, మనుష్యుడై నిలిచి, "పడమట నున్న కలిమ్‌డోర్ దేశమునకు తరలిపొండు" అను భావముగల హెచ్చరికను ఎల్లరకును చేయును. ఆతడు ప్రవక్త యనియే పిలువబడును. పేరు మాత్రము చెప్పడు.

ఆతని మాటను థ్రాల్ నమ్మి ఓడలెక్కెను. లార్డెరాన్ రాజగు టెరెనాస్ పిచ్చివాని ప్రలాపమని త్రోసివేసెను. దలరాన్ నగరమందలి మాంత్రికశ్రేష్ఠుడు ఆంటోనిడాస్ అంగీకరింపలేదు. రాకుమారుడైన ఆర్థాస్ తన స్థానము తన ప్రజలయొద్దనే యని బదులు చెప్పెను. ఆంటోనిడాస్ శిష్యురాలగు జైనా యొక్కతెయే తుదకు విని, మిగిలినవారిని వెంటగొని పడమటికి పోయెను. తరువాత టెరెనాస్ తన కొడుకైన ఆర్థాస్ చేతనే హతుడయ్యెను. దలరాన్ నేలమట్టమయ్యెను.

ఇంతకును ఈ ప్రవక్త ఎవడు? కథాంతమున ఆతడే చెప్పును: తాను మెడివ్. 1994వ సంవత్సరమున వెలువడిన మొదటి ఆటలో ఆర్కులను ఈ లోకమునకు రప్పించిన మాంత్రికుడీతడే. అందు మనుష్యసేన ఆతని గోపురముపై దాడిచేసి ఆతనిని చంపును. కావున ఆ పాత కథ నెరిగినవారికే అనుమానము కలుగుట కష్టము. చచ్చినవానిని ఎవరు లెక్కింతురు? అయినను జాడలు లేకపోలేదు. ఆతడు ఆర్కులయెడలను మనుష్యులయెడలను సమానమైన ఆతురత చూపును. ఆ రెండు జాతులకును ఋణపడినవాడు గాక మఱియెవడట్లు తిరుగును? మెడివ్ అను నామమునకు ఆ లోకపు భాషలో రహస్యములను కాచువాడని యర్థము.

ఆతడు పేరు దాచుట న్యాయమా యను విషయమున మాలో రెండు పక్షములు కలిగినవి. ఒక పక్షమువారు టెరెనాస్ నిందార్హుడు కాడందురు. ఊరుపేరు లేనివాడెవడో వచ్చి రాజ్యము విడిచిపొమ్మన్నంతనే, ప్రజాభారము వహించిన రాజు పోవునా? తన పేరును, తాను చేసిన దోషమును చెప్పియుండినచో ఆంటోనిడాస్ వంటి విద్వాంసుడైనను విచారించియుండును గదా. రెండవ పక్షమువారు, మెడివ్ అను పేరు వినబడినంతనే ఆతనిని సంకెళ్లలో నుంచెదరుగాని హెచ్చరికను వినరందురు. దేశమునకు మొదటి చేటు తెచ్చినవాడు ఆతడే గదా.

రెండు వాదములలోను సత్యమున్నది. ఆతని మౌనమువలన లార్డెరాన్ ప్రజలకు వాటిల్లిన నష్టమును మేము చిన్నదిగా నెంచజాలము. కాని జైనా నడతను గమనింపుడు. ఆమెకును ప్రవక్త పేరు తెలియదు. దలరాన్‌లో ఆతడు మాటలాడునప్పుడు ఆమె అదృశ్యరూపమున నిలిచి వినెను; అప్పటికప్పుడే నమ్మలేదు. తెగులు గ్రామములను కబళించుటయు, స్ట్రాథోల్మ్ నగరమున ఆర్థాస్ చేయబూనిన ఘోరమును కన్నులార చూచిన పిమ్మటనే ఆ హెచ్చరిక సరియని గ్రహించెను. మన నలోపాఖ్యానమున దమయంతియు బాహుకుని రూపమును చూచి మోసపోక, ఆతని వంటను రథచోదనమును పరీక్షించియే నలుడని యెఱిగినది. పేరు తెలియనిచోట పనియే ప్రమాణము.

ఇక మెడివ్ పేరు చెప్పిన సమయమును చూడుడు. ఆర్కులు, మనుష్యులు, నిశాచరులైన ఎల్ఫులు ఒకరినొకరు నమ్మక యెదురెదురుగ నిలిచియుండగా, ఆతడు ముందుకు వచ్చి, ఈ విపత్తునకు మూలము తానే యని యొప్పుకొనెను. పుట్టుకకు ముందే సార్జెరాస్ అను దుష్టశక్తి ఆతనిలో ప్రవేశించినదని ఆ లోకపు చరిత్ర చెప్పుచున్నది. అయినను ఆ యొప్పుకోలులో ఆతడు దానిని సాకుగా చెప్పుకొనడు. ఆ మాటతో మూడు జాతులును ఏకమై హైజల్ పర్వతమునొద్ద పోరాడెను. అంతము పలుకు స్వరమును ఆతనిదే.

కాబట్టి మా తీర్పు ఇది: హెచ్చరికను వినిపించుటకై పేరు దాచుట క్షమింపదగినది, తప్పును దాచుటకైనచో క్షమింపరానిది. మెడివ్ మొదటిదానితో ఆరంభించి, రెండవదానికి లోనుగాక తప్పించుకొనెను. ఆట ముగిసిన పిమ్మట మొదటినుండి మరల ఆడిచూడుడు. ఆరంభమున వినబడు ఆ స్వరము అప్పుడు భయపెట్టదు. పశ్చాత్తాపపడుచున్న మనుష్యుని స్వరముగా తోచును.