తీమాని ఎవరడిగారు?

బొమ్మల సినిమా అంటే పిల్లల వ్యవహారమేగా అనుకుని, బట్టలు మడతపెట్టుకుంటూ మా అమ్మాయి పక్కన కూర్చున్నాను. కాసేపటికి చేతిలో చీర చేతిలోనే ఉండిపోయింది.

సినిమా పేరు 'మెట్రోపొలిస్'. ఒసాము తెజుకా 1949లో వేసిన బొమ్మల కథ ఆధారంగా రింతారో తీసిన ఈ జపాన్ చిత్రం 2001లో విడుదలైంది. మనుషులేమో గుండ్రటి మొహాలతో పాతకాలం బొమ్మల్లా ఉంటారు. వాళ్ల వెనక నగరం చూస్తే కళ్లు తిరుగుతాయి. పైన ఆకాశాన్నంటే మేడలు, కిందికి దిగేకొద్దీ అంతస్తుకో లోకం. చాకిరీ అంతా రోబోలదే. తమ హద్దు దాటాయో, తుపాకీ పేలుతుంది.

ఆ ఊళ్లో డ్యూక్ రెడ్ అనే పెద్దమనిషి, చనిపోయిన కూతురి పోలికలతో ఓ రోబో పిల్లని తయారు చేయిస్తాడు. తీమా అని పేరు. ముద్దు చేసుకోవడానికి కాదండోయ్! జిగ్గురాట్ అనే మహా మేడ మీద సింహాసనంలో కూర్చోబెట్టడానికి. ఆ పిల్లకి తాను యంత్రమన్న సంగతే తెలీదు. మాటలు నేర్పిన కెనిచీ అనే కుర్రాడంటే ప్రాణం. చివర్లో మేడ కూలుతుంటే వెనక రే చార్లెస్ ప్రేమపాట వినిపిస్తుంది. పైనుంచి జారిపోతూ కూడా తీమా అతన్ని అడిగేది ఒక్కటే, తానెవరని.

అన్నట్టు, మా అమ్మాయి ఇంటర్ ఫారంలో బైపీసీ అని రాసి బీరువాలో పెట్టింది నేనే. నాకు దక్కని డాక్టరు చదువు మరి!

సినిమా అయ్యాక అది కళ్లు తుడుచుకుంటుంటే, "నీకేం చదవాలనుందే?" అన్నాను. నా మొహంలోకి అనుమానంగా చూసింది. వెంటనే జవాబు చెప్పలేదు.