పాసింగ్ కాగితం చెప్పని సంగతులు

ఈ వారం ఎపిసోడ్‌లో గల్ఫ్‌లో సెకండ్ హ్యాండ్ కారు కొనడం గురించి మాట్లాడుకున్నాం. "మొన్ననే పాసింగ్ అయింది, సర్వీస్ కూడా అయింది, ఇంకేం చూడాలి?" అనే మాట దగ్గరికొచ్చేసరికి టైమ్ అయిపోయింది. దానికి జవాబు ఇక్కడ వివరంగా రాస్తున్నాను. సొంత కారున్నవాళ్ళకే కాదు, కఫీల్ కారు నడిపే హౌస్ డ్రైవర్లకి, నలుగురు కలిసి ఒకే కారులో డ్యూటీకి పోయేవాళ్ళకి కూడా ఇది పనికొస్తుంది.

దుబాయ్‌లో ముల్కియా, సౌదీలో ఇస్తిమారా రెన్యూవల్ కోసం చేసే తనిఖీలో బ్రేకులు, లైట్లు, పొగ, టైర్లు, స్టీరింగ్, బండి కింది భాగం చూస్తారు. ఏ పార్టూ విప్పి చూడరు. బండి అక్కడున్న కొద్ది నిమిషాల్లో ఎలా ఉందో అదే రాసిస్తారు. సర్వీస్ సంగతి ఇంకోలా ఉంటుంది. మామూలు సర్వీస్‌కి మనం డబ్బు కట్టేది ముఖ్యంగా ఆయిల్, ఫిల్టర్లు మార్చడానికి. మనం చెప్పని కంప్లయింట్ కోసం వెతికే తీరిక సనాయాలో మెకానిక్‌కి ఉండదు. అతని వెనక ఇంకో నాలుగు బండ్లు లైన్లో ఉంటాయి.

ఇక్కడి ఎండల్లో ప్రాణం మీదికి తెచ్చే లోపాలేమో బండి బాగా వేడెక్కాకో, స్పీడ్ మీదో, ఏళ్ళు గడిచాకో బయటపడతాయి. అలా తప్పించుకుపోయే నాలుగింటి గురించి చెప్తాను.

మొదటిది టైరు వయసు. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకి వస్తే టైరు అయిపోయినట్టే. గాడి మధ్యలో ఉండే చిన్న రబ్బరు దిమ్మలు అందుకే, టైరు అరిగి వాటితో సమానమైతే మార్చాలి. ఇది అందరూ చూస్తారు. కానీ తక్కువ తిరిగిన బండిలో గాడి లోతుగానే ఉంటుంది, రబ్బరు మాత్రం ఎండకి గట్టిపడి లోపల పట్టు వదులుతుంది. టైరు పక్కన డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. బయటివైపు ఆ అంకెలు లేకపోతే లోపలివైపు ఉంటాయి. ఒకసారి నా కారుకి సర్వీస్ చేసిన గ్యారేజీ బిల్లు మీద "టైర్లు ఓకే" అని రాసిచ్చింది. పార్కింగ్‌లో కింద కూర్చుని టార్చ్ వేసి చూస్తే వెనక టైర్లు రెండూ ఏడేళ్ళ నాటివి. పాత టైరు, తక్కువ గాలి, ఐదుగురు మనుషులు, నడి మధ్యాహ్నం హైవే, ఇవన్నీ కలిస్తే టైరు పేలుతుంది. గాలి పొద్దున్నే, బండి తీయకముందే కొట్టించండి. ఎంత కొట్టాలో డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కర్ మీద ఉంటుంది. టైరు మీద రాసి ఉండేది అది తట్టుకునే గరిష్ఠం మాత్రమే.

రెండోది బ్రేక్ ఆయిల్. ఇది గాలిలోని తేమని పీల్చుకుంటుంది. కొత్త డాట్-4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ ప్రమాణం 155కి పడిపోతుంది. తాయిఫ్ దగ్గర అల్ హదా ఘాట్, రస్ అల్ ఖైమా దగ్గర జెబెల్ జైస్ లాంటి దిగుడు రోడ్లలో బ్రేకు మీద కాలు పెట్టి పెట్టి దిగితే ఆయిల్ మరిగి బుడగలొస్తాయి, పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. పాసింగ్‌లో బ్రేక్ టెస్ట్ కొన్ని సెకన్లే కాబట్టి ఇది దొరకదు. చాలా కంపెనీలు రెండేళ్ళకోసారి మార్చమంటాయి. తేమ చూసే పెన్ను లాంటి టెస్టర్ ఉంటుంది, దానితో చూడమని అడగండి.

మూడోది కూలెంట్. సన్నటి లీకేజీ ఉంటే, పై డబ్బాలో నీళ్ళు నింపితే రెండు రోజులు బండి బాగానే కనిపిస్తుంది. వట్టి నీళ్ళు తొందరగా మరుగుతాయి, లోపల తుప్పు పట్టిస్తాయి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు డబ్బాలో మట్టం మార్కర్‌తో గీత గీసి, వారం తర్వాత మళ్ళీ చూడండి. తగ్గితే ఎక్కడో పోతున్నట్టే. వేడి మీద రేడియేటర్ మూత మాత్రం ఎప్పుడూ తీయకండి. కొనబోయే కారు ఇంజిన్ అప్పుడే కడిగి తళతళలాడుతుంటే లీకేజీ మరకలు కూడా కడుక్కుపోయి ఉంటాయని గుర్తుంచుకోండి.

నాలుగోది ఎయిర్‌బ్యాగ్. కీ తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి, కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే లోపం ఉంది. అసలు వెలగనే వెలగకపోతే ఇంకా అనుమానించాలి, ఎవరో దాన్ని తీసేసి ఉండొచ్చు. యాక్సిడెంట్ అయిన బండిని బాగుచేసి అమ్మేటప్పుడు ఇలాంటివి జరుగుతాయి. ఇంకో ప్రమాదం టకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగులు. వాటిలో వాడిన అమ్మోనియం నైట్రేట్ ఏళ్ళ తరబడి వేడికి, తేమకి పాడై, బ్యాగ్ తెరుచుకునేటప్పుడు ఇనుప ముక్కలు ముఖం మీదికి ఎగిరాయి, మనుషులు చనిపోయారు. 2008లో హోండాతో మొదలైన ఆ రీకాల్ తర్వాత టయోటా, నిస్సాన్ సహా చాలా కంపెనీలకి పాకింది. ఇది చూసి చెప్పగలిగే లోపం కాదు, ఛాసిస్ నంబరుతోనే తెలుస్తుంది. ముల్కియా మీదో, ఇస్తిమారా మీదో ఉండే ఆ 17 అక్షరాల నంబరు కంపెనీ ఏజెన్సీకి చెప్పి, రీకాల్ పెండింగ్ ఉందా అని అడగండి. సౌదీలో వాణిజ్య మంత్రిత్వ శాఖకి రీకాల్స్ కోసం వేరే వెబ్‌సైటే ఉంది. రీకాల్ రిపేర్ ఉచితంగా చేస్తారు.

ఇక గ్యారేజీలో ఎలా మాట్లాడాలి? "బండి చెక్ చెయ్ భాయ్" అంటే ఆయిల్ చూసి పంపిస్తారు. "గంట నడిపాక, ఏసీ వేసి సిగ్నల్ దగ్గర ఆగితే టెంపరేచర్ పెరుగుతోంది" అని చెప్తే ఎక్కడ వెతకాలో అతనికి తెలుస్తుంది. సౌండో, వణుకో అయితే మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక రౌండ్ వేయండి. ఇంజిన్ లైటు వెలిగి ఉంటే స్కానర్ పెట్టినప్పుడు కోడ్ నంబరు రాసిమ్మనండి. కోడ్ చెరిపేస్తే లైటు ఆరిపోతుంది కానీ లోపం అక్కడే ఉంటుంది. చెరిపిన సంగతి స్కానర్‌లో కూడా కనిపించొచ్చు, ఎందుకంటే బండి తనంతట తాను చేసుకునే టెస్టులు ఇంకా పూర్తికాలేదని అది చూపిస్తుంది.

హౌస్ డ్రైవర్ అన్నలకి ఒక మాట. కారు మీది కాదు, స్టీరింగ్ మాత్రం మీ చేతిలో ఉంది. టైరు పేలితే ముందు అడిగేది మిమ్మల్నే. జీతంలో కోత దగ్గర్నుంచి పోలీస్ కేసు దాకా ఏదైనా రావచ్చు. కాబట్టి లోపం కనబడిన రోజే ఫోటో తీసి కఫీల్‌కి వాట్సాప్‌లో పంపండి. "సార్, టైరు పాతది, మార్చాలి" అన్న ఒక్క లైను చాలు. తేదీతో సహా అది మీ ఫోన్లో ఉంటుంది. నోటితో చెప్పిన మాటకి రేపు సాక్ష్యం ఉండదు. మార్చనంటే కనీసం స్పీడ్ తగ్గించి నడపండి, లాంగ్ ట్రిప్ ముందు మళ్ళీ ఒకసారి రాయండి.

ఈ శుక్రవారం పొద్దున బండి తీసేముందు పది నిమిషాలు పెట్టండి. నాలుగు టైర్లతో పాటు స్పేర్ టైరు అంకెలు కూడా రాసుకోండి, కూలెంట్ మట్టానికి గీత పెట్టండి, కీ తిప్పి ఎయిర్‌బ్యాగ్ లైటు చూడండి. ఆ కాగితం జేబులో పెట్టుకుని గ్యారేజీకి వెళ్తే ఏం చూడాలో మీరే చెప్పగలరు.