ఖజానా తాళం

పన్నుల రూపంలో వసూలయ్యే ధనం ప్రజలది. దానిని పాలకులు తమ ఇష్టం వచ్చినట్లు ఖర్చు చేయకూడదు. అందుకే ప్రజాస్వామ్య దేశాలలో ఖజానా తాళం చట్టసభల చేతిలో ఉంటుంది. అమెరికా సంయుక్త రాష్ట్రాల రాజ్యాంగం కూడ చట్టం అనుమతించనిదే ఖజానా నుండి ధనం తీయరాదని చెబుతున్నది.

అక్కడి చట్టసభ పేరు కాంగ్రెసు. అందులో ప్రతినిధుల సభ, సెనేటు అని రెండు సభలున్నాయి. ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది. ఆలోగా 12 వ్యయ బిల్లులను రెండు సభలు ఆమోదించాలి. అధ్యక్షుడు సంతకం చేయాలి. గడువు దాటితే తాత్కాలిక చట్టంతో కొంతకాలం నడిపిస్తారు. అదీ కుదరకపోతే కార్యాలయాలు మూతపడతాయి.

పూర్వం ఇంత కట్టుదిట్టం ఉండేది కాదు. బిల్లులు ఆలస్యమైనా కార్యాలయాలు పనిచేస్తూనే ఉండేవి. 1980, 1981 సంవత్సరాలలో అటార్నీ జనరల్ బెంజమిన్ సివిలెట్టీ పాత చట్టాన్ని పరిశీలించి, అనుమతి లేనప్పుడు పని ఆపవలసిందేనని అభిప్రాయం చెప్పాడు. ప్రాణాలను, ఆస్తులను కాపాడే పనులకు మాత్రం మినహాయింపు ఇచ్చాడు.

2018 డిసెంబరు 22 నుండి 35 రోజులపాటు ఇలాంటి మూసివేత జరిగింది. మెక్సికో సరిహద్దులో గోడ కట్టడానికి నిధులివ్వాలా, వద్దా అన్నది తగవు. దాదాపు 8 లక్షలమంది ఉద్యోగులకు జీతాలు ఆగిపోయాయి. వారిలో సగానికి పైగా జీతం లేకుండానే పనిచేశారు. కొందరు ఉచితంగా ఆహారం పంచే చోట్ల వరుసలలో నిలబడ్డారు. 2019 జనవరి 25న విమానాల రాకపోకలను నియంత్రించే సిబ్బంది చాలక, న్యూయార్కులోని లగార్డియా విమానాశ్రయానికి రావలసిన విమానాలను కొంతసేపు ఆపవలసి వచ్చింది. ఆ రోజే రాజీ కుదిరింది. తగవు పడినవారు ఒకరు, కష్టపడినవారు మరొకరు. 2025లో మళ్లీ అక్టోబరు 1 నుండి నవంబరు 12 వరకు 43 రోజులు మూసివేత సాగింది.

దీనికి మందు ఏమిటి? గడువు పెంచితే చాలునని ఒకప్పుడు భావించారు. 1974లో చట్టం చేసి, 1976 నుండి ఆర్థిక సంవత్సరం ఆరంభాన్ని జూలై 1 నుండి అక్టోబరు 1కి మార్చారు. అయినా ఆ తరువాత అన్ని బిల్లులూ వేళకు పూర్తయిన సంవత్సరాలు నాలుగే.

కొత్త బడ్జెట్టు వచ్చేవరకు పాత కేటాయింపులే వాటంతట అవి కొనసాగాలన్నది మరొక సూచన. విస్కాన్సిన్ రాష్ట్రంలో ఈ పద్ధతి ఉంది. అయితే దీనికి అభ్యంతరమూ ఉంది. పాత లెక్కలే సాగిపోతుంటే కొత్త అవసరాలకు నిధులు రావు. పాతదే చాలుననుకునేవారు చర్చకే రారు. అందువల్ల పాత కేటాయింపులను కొద్దికాలం మాత్రమే కొనసాగించి, బడ్జెట్టు తేలేవరకు సభ్యులు రాజధాని విడిచి వెళ్లకుండా, వేరే పని చేపట్టకుండా కట్టడి చేయాలని కొందరు సెనేటర్లు బిల్లు తెచ్చారు. 2019లో వచ్చిన ఒక చట్టం మూసివేత ముగిశాక ఉద్యోగులకు బకాయి జీతం ఇవ్వాలని చెప్పింది. కాని ఇంటి అద్దె అంతవరకు ఆగదు కదా!

మన దేశంలోనూ పార్లమెంటు అనుమతి లేనిదే సంచిత నిధి నుండి ధనం తీయరాదు. అయితే పూర్తి బడ్జెట్టు ఆమోదం పొందేలోగా కొన్ని నెలల ఖర్చుకు ముందుగా అనుమతి ఇచ్చే వీలు రాజ్యాంగం 116వ అధికరణంలో ఉంది. దీనినే ఓట్ ఆన్ అకౌంట్ అంటారు. ద్రవ్య బిల్లును రాజ్యసభ 14 రోజులకు మించి ఆపలేదు. లోక్‌సభ విశ్వాసం కోల్పోయిన మంత్రివర్గం దిగిపోవాలి. అమెరికాలో అధ్యక్షుని, కాంగ్రెసును ప్రజలు వేరువేరుగా ఎన్నుకుంటారు. ఎవరి పదవీకాలం వారిదే. అందువల్ల పట్టుదలలు పెరిగితే ముడి త్వరగా వీడదు.

ఖజానాకు తాళం ఉండవలసిందే. కాని ఆ తాళం పాలకులను అదుపు చేయాలి గాని, పనిచేసే ఉద్యోగిని పస్తు పెట్టకూడదు.