లంగరు దింపిన యిల్లు

ఇల్లనగా పునాది త్రవ్వి నేలపై కట్టుకొనునది యని మనము తలంతుము. కాని చిన్న తెరచాప పడవనే గృహముగా జేసికొని, రేవునుండి రేవునకు దిరుగుచు, సంవత్సరములకొలది సముద్రముపై కాపురము చేసిన దంపతులును లోకమున గలరు. వారి సంగతి వినినవారు మొదట నడుగు ప్రశ్న, "తుపానులలో నెట్లు బ్రదికిరి?" అని. అంతకంటె ముఖ్యమైన ప్రశ్న యొకటి గలదని మా యభిప్రాయము: "రాత్రివేళ వారు నిర్భయముగా నెట్లు నిద్రించిరి?" ఈ వ్యాసమున దానికి సమాధానము చెప్ప యత్నింతుము.

ఇట్టివారిలో లారీ పార్డే, లిన్ పార్డే యను దంపతులు ప్రసిద్ధులు. లారీ కెనడా దేశస్థుడు; లిన్ అమెరికా సంయుక్త రాష్ట్రములలో జన్మించినది. వీరు కాలిఫోర్నియాలో సుమారు మూడేండ్లు శ్రమపడి, తమ చేతులతోడనే యొక కొయ్యపడవను నిర్మించి, 1968వ సంవత్సరమున నీట దింపి, 'సెరాఫిన్' అని పేరిడిరి. దాని నిడివి 24 అడుగుల 4 అంగుళములు మాత్రమే. అనగా ఒక తరగతిగది పొడవునకు మించదు. అందులోనే వంట, అందులోనే పడక, అందులోనే పుస్తకములు, పనిముట్లు. ఆ పడవకు యంత్రము లేదు. గాలి యున్నప్పుడు తెరచాపయు, లేనప్పుడు పొడవైన తెడ్డును వారికి ఆధారములు. 1969లో బయలుదేరి, మన హిందూమహాసముద్రమును గూడ దాటి, తూర్పుముఖముగా భూగోళమును చుట్టివచ్చిరి. పిమ్మట 29½ అడుగుల 'టలేసిన్' అను రెండవ పడవను కట్టి, 1983లో నీట దింపి, దానిపై పడమటిముఖముగా చుట్టిరి. లారీ 2020లో మరణించెను.

ఇట్టి సంసారమున దినములన్నియు ప్రయాణముతోడనే గడచునని తలంపరాదు. అధికభాగము ఏదో యొక ప్రశాంతమైన రేవులో లంగరు వేసియే గడచును. చిన్న దోనెలో తీరమునకు బోయి మంచినీరును కూరగాయలును దెచ్చుకొనుట, చినిగిన తెరచాపలను కుట్టుకొనుట, త్రాళ్లను సరిచూచుట నిత్యకృత్యములు. లారీ ఇతరుల పడవలను బాగుచేసియు, లిన్ వ్యాసములు వ్రాసియు జీవనమునకు వలసిన ధనమును సంపాదించిరి.

ఇక లంగరు సంగతి. లంగరు తన బరువుచేతనే పడవను నిలుపునని పలువురు భ్రమపడుదురు. నిజమునకు నాగలికఱ్ఱు దుక్కిలో దిగినట్లు అది బురదలోనో ఇసుకలోనో దిగి పట్టుకొనుటచేతనే పడవ నిలుచును. లాగుడు నేలకు సమాంతరముగా నున్నంతవరకు కఱ్ఱు లోతునకు దిగును. లాగుడు పైకి తిరిగినచో అది పెల్లగిలి వచ్చును. కావున గొలుసు పొడవుగా వదలవలెను. ఇందుకొక లెక్క గలదు. ఆటున నీటిలోతు 15 అడుగులు, పోటున 5 అడుగులు పెరుగును, నీటినుండి పడవముందుభాగము 4 అడుగుల యెత్తు అనుకొందము. మొత్తము 24 అడుగులు. గొలుసైనచో దీనికి 5 రెట్లు, అనగా 120 అడుగులు వదలుట మంచిది. త్రాడు తేలికగాన నేలనంటి యుండదు. దానికి 7 రెట్లు, అనగా 168 అడుగులు కావలెను.

యంత్రము లేని పడవలో లంగరు వేయుట ఇద్దరి పని. ఒకరు చుక్కాని పట్టి పడవను గాలికెదురుగా ద్రిప్పుదురు. పడవ వేగముడిగి నిలిచి, వెనుకకు జరుగ నారంభించినప్పుడు, ముందుభాగమున నున్నవారు లంగరు దింపి గొలుసును కొద్దికొద్దిగా వదలుదురు. గాలిహోరులో మాట వినబడదు గనుక చేతిసైగలే భాష. ఒకరి సైగ నొకరు గ్రహింపకున్నచో పడవ రాతిమీదికే పోవచ్చును. లంగరు పట్టిన పిమ్మట తీరమున ఒక చెట్టును, ఒక బండను గుర్తుపెట్టుకొని దిక్సూచితో వాని దిక్కును జూచి వ్రాసికొందురు. తరువాత జూచినప్పుడు ఆ దిక్కులు మారి, పడవ తన గొలుసు చుట్టు తిరుగుటచేతనే అట్లు మారలేదని తేలినచో, లంగరు జారుచున్నదన్నమాట.

అయినను ఈ జాగ్రత్తలన్నియు చాలని సమయము గలదు. మెక్సికో దేశమున బాహా కాలిఫోర్నియా ద్వీపకల్పపు దక్షిణాగ్రమున కాబో సాన్ లూకాస్ అను రేవు గలదు. ఉత్తరపు గాలినుండియు పడమటి గాలినుండియు దానికి కొండలు మఱుగు. ఆగ్నేయమున మాత్రము సముద్రము తెరచియుండును. 1982 డిసెంబరులో అచ్చట అనేకమైన పడవలు తీరమునకు సమీపముగా, ఒకదానికొకటి దగ్గరగా లంగరు వేసి యుండెను. ఒక రాత్రి గాలి తిరిగి, సముద్రమువైపునుండి తుపానై వీచెను. అంతవరకు రక్షణగా నున్న తీరమే శత్రువయ్యెను. తెల్లవారుసరికి ఇరువదికి మించిన పడవలు ఇసుకపై కూలబడెను. వానిలో బెర్నార్డ్ మోయితెస్సియే యను సుప్రసిద్ధ ఫ్రెంచి నావికుని ఉక్కుపడవ 'జాషువా' యొకటి. ఆ పడవపైననే ఆయన 1968-69లో ఏకాకియై, ఎచ్చటను రేవున నాగక, భూమిని చుట్టి యింకను ముందునకు సాగెను. మహాసముద్రములు చెరుపలేనిదానిని, ప్రశాంతమని పేరుపొందిన రేవు ఒక్క రాత్రిలో చెరిచినది.

కావున వివేకవంతులైన నావికులు ప్రొద్దు గ్రుంకకముందే రెండు ప్రశ్నలు వేసికొందురు: గాలి తిరిగినచో మా వెనుక నేమి యుండును? చీకటిలో బయటపడు త్రోవ యేది? ఆ త్రోవ దిక్కును పగలే చూచి వ్రాసి, చుక్కానివద్ద నుంచుకొందురు. పోవుటకు సిద్ధముగా నున్నవారే నిలుచుటకు అర్హులు.

మొదట మేమడిగిన ప్రశ్నకు సమాధాన మిదియే. నీరు నిశ్చలముగా నున్నదని వారు నిద్రింపలేదు. నీటి యడుగున కంటికి గానరాని గొలుసును తామే కొలిచి వదలిరి. గాలి తిరిగినచో తమ్ము మేల్కొలుపుటకు ప్రక్కన నొకరున్నారని యెరిగిరి. దీపము వెలిగించి పైన వ్రేలాడగట్టి, నిశ్చింతగా పండుకొనిరి.