బందరు బాటలో నలుగురు మిత్రులు

దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ వాసులు అనుదినం దాటే రహదారి సముద్రం దాకా సాగుతుంది. పుణెలో మొదలై మచిలీపట్నంలో ముగిసే 65వ జాతీయ రహదారి ఇదే. గోల్కొండ సుల్తానుల కాలంలో రాజ్యానికి ప్రధాన రేవు ఆ బందరే.

యాభై దాటిన నలుగురు మిత్రులం సైకిళ్ళను రాత్రి బస్సులో వేసుకొని బందరు చేరాము. ఫజ్ర్ నమాజు ముగించుకొని, సుమారు 11 కిలోమీటర్ల దూరంలోని మంగినపూడి తీరానికి బయలుదేరాము.

ముగ్గురు ప్రయాణమైతే ఒకరిని అమీరుగా నియమించుకోవాలన్నది దైవప్రవక్త (స) బోధ. ఇమాము తన వెనుకనున్న బలహీనులను దృష్టిలో ఉంచుకొని నమాజు చదివించాలన్నదీ ఆయన బోధే. అందుచేత మోకాళ్ళ నొప్పితో అందరికన్నా నెమ్మదిగా తొక్కే మిత్రుణ్ణే అమీరుగా ఎన్నుకున్నాము. ఆయన వేగమే మా వేగం, ఆయన ఆగినచోటే మా విశ్రాంతి. బలవంతుడు ముందు సాగితే వెనుకబడినవాడు మొహమాటంతో తన నొప్పిని దాచుకుంటాడు. నెమ్మదైనవాడు ముందుంటే ఎవ్వరూ ఒంటరివారు కారు.

పగటివేళ నేల సముద్రం కన్నా త్వరగా వేడెక్కుతుంది. ఆ వేడి గాలి పైకి లేవగా, సముద్రపు చల్లగాలి ఒడ్డు వైపు వీస్తుంది. కనుక వేకువన తీరానికి వెళ్ళి జుహ్ర్ తరువాత మరలితే, సాధారణంగా ఆ గాలి వెన్నుతట్టి తోడు వస్తుంది. అలసిన మోకాళ్ళకు అది గొప్ప ఊరట.

పిల్లలతో, వృద్ధులతో ప్రయాణమయ్యే కుటుంబాలకు మా సూచన ఒక్కటే. బయలుదేరే ముందే అమీరును ఎన్నుకోండి. మీలో ఎవరి అడుగు చిన్నదో, ఆ అడుగును బట్టే ప్రయాణం నిర్ణయించుకోండి.