ఉదయపురపు చిత్ర రామాయణము

చిత్రలేఖనపు తరగతిలో ఒకనాడు దశరథుని అంతఃపుర చిత్రమొకటి పిల్లలకు చూపితిని. ఒక బాలిక లేచి, "మాస్టారండీ, దశరథుడు ఒక్కడే కదా, ఇందులో ఇన్నిచోట్ల ఉన్నాడేమి?" అని అడిగెను. మంచి ప్రశ్న. తల్లిదండ్రులు కూడ ఇంట పిల్లలకు చెప్పుటకు వీలుగా దీనిని వ్రాయుచున్నాను.

ఆ చిత్రము మేవాడు రాజ్యమునకు ప్రభువైన రాణా జగత్ సింగు వ్రాయించిన వాల్మీకి రామాయణములోనిది. ఉదయపురమున 1649లో ప్రారంభమైన ఆ పని, రాణా 1652లో మరణించిన పిమ్మట, ఆయన కుమారుడు రాజసింగు కాలమున 1653లో ముగిసెను. చిత్రములు 400కు పైగా కలవు. పుటలు అడ్డముగా పొడవైన కాగితములు. ఒకవైపు సంస్కృత పాఠము, రెండవవైపు చిత్రము.

మేవాడు రాణాలు తాము సూర్యవంశజులమని, శ్రీరాముని సంతతివారమని చెప్పుకొనెడివారు. 1568లో చిత్తూరు దుర్గము అక్బరు వశమయ్యెను. 1615లో వారు జహంగీరుతో సంధి చేసికొనవలసివచ్చెను. అట్టి వంశమునకు రామాయణము పారాయణ గ్రంథము మాత్రమే కాదు, తమ పూర్వుల చరిత్ర కూడ. కావుననే చిత్రములలోని అయోధ్య రాజపుత్రుల నగరమువలె నుండును. దశరథుని కొలువులో ఛత్రచామరములు, నడికట్టులు, ఖడ్గములు ఆనాటి రాజస్థానపువే. దానములు, అంత్యక్రియలు మొదలగునవి కూడ ఆ చిత్రకారులు కన్నులార చూచిన ఆచారములనే తలపించును. మందిరమునకును కొలువునకును నడుమ గోడ కనిపించదు.

ఇక బాలిక ప్రశ్న. చిత్రకారుడు ఒక గడియను మాత్రమే పట్టి చూపలేదు. ఒకే భవనమున ఒక గదిలో రాజు కైకేయిని బ్రతిమాలును. మరియొక గదిలో అదే రాజు కూలబడియుండును. గది మారినచో కాలము మారినదన్నమాట. కథ తెలిసినవారికి అది చదువుకొనదగిన పుట, తెలియనివారికి గందరగోళము. ఇది చెప్పిన మరునాడు ఆ పిల్ల తన తల్లిని ఒకే వంటయింట మూడుచోట్ల గీసికొని వచ్చినది! మూడింటను ఆమె పనిలోనే యున్నది.

అయోధ్యా, యుద్ధ కాండములను చిత్రించిన సాహిబుద్దీను మహమ్మదీయుడు. పాఠము వ్రాసిన హీరానందుడు జైనుడు. వ్రాయించిన రాజు హిందువు. సాహిబుద్దీను కైకేయి మొండితనమును, వృద్ధరాజు దుఃఖమును చిత్రించిన తీరు చూచినచో, ఆయన ఈ కథను పైపైన విన్నవాడు కాడని తోచును.

ఈ గ్రంథము తరువాత చెల్లాచెదరయ్యెను. రాణా భీమసింగు కొన్ని సంపుటములను ఆంగ్లేయ ఉద్యోగి జేమ్సు టాడునకు బహూకరించెను. టాడు 1823లో స్వదేశమునకు వెడలెను. ఆ సంపుటములు కాలక్రమమున లండనులోని బ్రిటిష్ లైబ్రరీకి చేరినవి. మిగిలిన భాగములు మన దేశమున ముంబాయి, ఉదయపురము మొదలైనచోట్ల నిలిచినవి. 2014లో బ్రిటిష్ లైబ్రరీవారును, ముంబాయిలోని ఛత్రపతి శివాజీ మహారాజ్ వస్తు సంగ్రహాలయమువారును కలిసి, విడిపోయిన పుటల ఛాయలను కంప్యూటరు తెరపై ఒక్క గ్రంథముగా కూర్చిరి. కాగితములు మాత్రము ఎక్కడివక్కడనే యున్నవి.